వెనక సీటు మీద పసుపు చెయ్యి

నా చిన్నప్పుడు, పదేళ్ల వయసులో, మా నాన్న ఒక పాత కారు కొన్నాడు. సంగారెడ్డి బజారులో మాది ధాన్యం దుకాణం. మా గల్లీలోకి వచ్చిన మొదటి కారు అదే. కొన్నాళ్లకు చిరిగిన సీట్లు పీకించి, హైదరాబాద్‌లో మీగడ రంగు రెగ్జిన్ వేయించుకొచ్చాడు. ఆ సీట్లకు ఆయన చేసిన మర్యాద మా మేనత్తలకు కూడా ఏనాడూ చేయలేదు.

ఆ కారు నడపడానికి కుదిరినాయన్ని పిల్లలమంతా బాబాయిని పిలిచినట్టు చిచ్చా అని పిలిచేవాళ్లం. అంతకుముందు ఏళ్ల తరబడి లారీ తోలి నడుము పోగొట్టుకున్న మనిషి. కూర్చుంటే లేవడానికి ఏదో ఒకటి పట్టుకోవాల్సిందే. మళ్లీ లారీ ఎక్కితే మంచాన పడతానని మా అమ్మతో చెప్తుంటే విన్నాను. మా ఇంట్లో పని ఆయనకు అంత అవసరం.

రోజూ పొద్దున ఆయన సీట్లు తుడుస్తుంటే పక్కన నిలబడి చూసేదాన్ని. కుంకుడు రసం కలిపిన నీళ్లలో గుడ్డ ముంచి, చుక్క కారకుండా పిండేవాడు. ఈ చివర నుంచి ఆ చివర దాకా చెయ్యి ఆపకుండా ఒక్క వరసలో తుడిచేవాడు. దాని వెంటనే మంచినీళ్ల గుడ్డ, ఆ వెంటనే పొడి గుడ్డ. నడుమ ఆగితే చారలు పడతాయనేవాడు. కొత్తది ఏదైనా వాడాలంటే ముందు సీటు కింద, ఎవరికీ కనపడని మూల రుద్ది ఒక పూట ఆగి చూసేవాడు.

కొత్త సీట్లు వచ్చాక మంచిరోజు చూసి ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారి గుడి దగ్గర కారుకు పూజ చేయించాం. అమ్మకు పసుపు కలిపిపెట్టి, చేతులు కడుక్కోకుండానే కారెక్కాను. సీట్లు ముట్టుకోవద్దని నాన్న అప్పటికే రెండుసార్లు చెప్పాడు. అయినా వెనక సీటు మీద నా అయిదు వేళ్లూ పచ్చగా అచ్చుపడ్డాయి. తలుపు లోపలి రెగ్జిన్ మీద కూడా ఒక గీత పడింది. సీటు మీది మరకను లంగాతో కప్పి ఇల్లు చేరేదాకా దాచాను.

మా దుకాణంలో బస్తాల మీద గుర్తులు వేసే నల్లరంగు చేతికి అంటితే హమాలీలు గ్యాసునూనెతో కడుక్కునేవాళ్లు. కిరసనాయిల్‌ను మావైపు అలాగే అంటారు. అంత నల్లరంగే పోతుంటే ఇంత పసుపు పోదా అనుకున్నాను. దుకాణం పిల్లకు వచ్చే తెలివి అది. ఆ మధ్యాహ్నమే ఇంట్లో అందరూ కునుకు తీస్తుంటే, ఎండలో ఉన్న కారులో కూర్చుని గ్యాసునూనె గుడ్డతో రుద్దాను. పసుపు పోలేదు, పాకింది. భయమేసి ఇంకా రుద్దాను. చివరికి పళ్లెమంత మేర మెరుపు చచ్చిపోయి, రంగు తేలిపోయి, చారలు చారలుగా మిగిలింది.

చిచ్చా వచ్చి చూశాడు. నన్ను నల్లా దగ్గరికి తీసుకుపోయి, వాసన పోయేదాకా కుంకుడు రసంతో నా చేతులు కడిగాడు.

"పసుపేంది బేటా, నాల్గు దినాలు ఎండ తాకితే అదే పోతుండె," అన్నాడు. "నాకు జెర చెప్తే అయిపోతుండె గద."

సాయంత్రం నాన్న కారు తలుపు తీయగానే వాసన గుప్పుమంది. దీన్ని ఎవరు రుద్దిన్రు అని గట్టిగా అడిగాడు. నేను గడపలోనే ఉన్నాను.

"నేనే సేఠ్," అన్నాడు చిచ్చా.

"గింత కూడ తెల్వదా నీకు? ఇగ రేపటి సంది రాకు."

చిచ్చా నావైపు చూడలేదు. తుడిచే గుడ్డలు మడిచి ముందు సీటు మీద పెట్టి, నడుము మీద చెయ్యేసుకుని వెళ్లిపోయాడు. దెబ్బలు తప్పాయని నాకు సంతోషం కూడా వేసింది. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

తలుపు మీది గీత సంగతి నాకొక్కదానికే తెలుసు. రోజూ వెళ్లి చూసేదాన్ని. మొదట లేతబడింది. అయిదో రోజుకు వెతికినా కనపడలేదు. చిచ్చా చెప్పినట్టే ఎండకు దానంతటదే పోయింది. ఆ పూటే నాన్నకు చెప్పేద్దామని దుకాణం దాకా వెళ్లాను. గిరాకీ ఉందని వెనక్కి తిరిగి వచ్చాను. మర్నాడు కూడా గిరాకీ ఉంది.

కొన్ని నెలల తర్వాత నాన్నతో కారులో వెళ్తుంటే పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీ గేటు ముందు ఆగిన లారీల వరసలో చిచ్చా కనిపించాడు. తలుపు పట్టుకుని, కాలితో మెట్టు వెతుక్కుంటూ లారీలోంచి దిగుతున్నాడు. నాన్న చూడలేదు. నేను చూసి, ఆయన కంట పడకుండా సీటులో కిందికి జారిపోయాను. ఆ తర్వాత ఆయన మళ్లీ కనపడలేదు.

కారు అమ్మేశాక కూడా, మంచి డ్రైవరే, ఆ ఒక్క పని చేయకుండా ఉండాల్సింది అని నాన్న అప్పుడప్పుడూ అనేవాడు. నేను చాయ్ గ్లాసు ఆయన చేతికిచ్చి లోపలికి వెళ్లిపోయేదాన్ని. చివరిదాకా అలాగే గడిచింది. ఆయన పోయి కూడా చాలా ఏళ్లయింది.

ఇప్పుడు పటాన్‌చెరులో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. వాడి కారు సీట్లు నేనే తుడుస్తాను. సీసాల్లో అమ్మే మెరుపు మందులు ఏం తెచ్చినా ముందు కనపడని మూల రుద్ది ఒక పూట ఆగమంటాను. నా చెయ్యి పడితే చార పడదు. మొన్న మా కోడలు, ఇదంతా ఎవరు నేర్పారత్తయ్యా అని అడిగింది. మా డ్రైవర్ చిచ్చా అన్నాను. తర్వాత ఆయన ఏమయ్యాడని అడిగింది. తెలియదని చెప్పి గుడ్డ పిండుతూ కూర్చున్నాను.

అది సగమే నిజం. ఆయన ఎందుకు లారీ ఎక్కాల్సి వచ్చిందో నాకు తెలుసు. ఆ సాయంత్రం నాన్న అడిగినదానికి నేనివ్వాల్సిన జవాబు, వినాల్సిన ఇద్దరూ లేకుండా, ఇన్నేళ్లకు ఇక్కడ రాస్తున్నాను. నేనే రుద్దిన, నాన్నా.