ఉగ్గుగిన్నె మీద నా ప్రతాపం

నవ్వుకోండి, పర్లేదు. ఇంకెవరో మసాలా దట్టించి చెప్పేలోపు నేనే చెప్పేస్తే పరువులో సగమన్నా మిగులుతుంది. మొన్న మంగళవారం సూర్యాపేటలో ఓ దవాఖాన వార్డులోంచి నన్ను చెయ్యి పట్టుకుని బయటకు పంపించారు. పసిపిల్ల పాల కోసం పోరాడదామని వెళ్లిన నన్ను!

నా బడి ఏడో క్లాసుతో ఆగింది గానీ చదవడం ఆగలేదు, మీకు తెలుసు. మా చెల్లెలి కూతురు స్వాతి నెల తప్పిందని తెలియగానే, బాలింతల గురించి ఓ డాక్టరమ్మ రాసిన పుస్తకం తెచ్చి మూడుసార్లు చదివాను. పుట్టిన గంటలోపే బిడ్డ రొమ్ము పట్టాలి. మొదట వచ్చే చిక్కటి పసుపుపచ్చ ముర్రుపాలు బంగారం. మా వైపు పెద్దాళ్లేమో ఆ బంగారాన్నే పిండి పారబోస్తారు. పైగా పాప నాలిక మీద తేనె రాస్తారు. ఎవరు రాస్తే వాళ్ల గుణాలొస్తాయట!

స్వాతి అత్తగారు యాదమ్మది మిర్యాలగూడ. సీమంతం రోజే ఆమెకీ నాకూ మాటా మాటా పెరిగింది.

"నా ముగ్గురు పిల్లలు తేనె నాకే పెరిగిండ్రు వదినె. ఏమైంది?"

"నీ పెద్ద కొడుకునే మేం అల్లుణ్ణి చేసుకున్నాం వదినా. ఏమైందో మమ్మల్ని అడుగు!"

అప్పట్నుంచి వారానికోసారి ఫోన్ చేసి క్లాసు పీకాను. ఆమె అన్నిటికీ "ఊ" అనేది. ఆ "ఊ"ని నేను ఒక్క రోజు కూడా నమ్మలేదు.

మంగళవారం పొద్దున్నే చెల్లెలి ఫోను. "అక్కా, ఆడపిల్ల! నార్మలే అయ్యింది."

"పాలు పట్టారా?"

"రొమ్ము పడతలేదే. ఒకటే నిద్ర. నేను స్నానం చేద్దామని ఇంటికొచ్చిన. యాదమ్మ వదినె ఉన్నది దాని దగ్గర."

ఒక్కతే యాదమ్మా? ఉన్నపళంగా కోదాడలో బస్సెక్కాను. మునగాల దాటేసరికే నా కళ్ల ముందు తేనెసీసా మూత ఊడింది.

వార్డులో అడుగుపెట్టానో లేదో, అనుకున్నంతా అయింది. మంచం మీద స్వాతి, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన మొహం. పక్కన యాదమ్మ, ఒళ్లో పాప. స్టూలు మీద స్టీలు ఉగ్గుగిన్నె. యాదమ్మ చేతిలో చెంచా. ఆ చెంచాలో పసుపుపచ్చగా, చిక్కగా...

"ఆగు!"

నా కేకకు వార్డంతా తిరిగి చూసింది.

"జర ఇను వదినె..."

"ఏం వినేది? ఇన్నాళ్లూ నువ్వు విన్నది ఇదేనా?"

"పెద్దమ్మా, అది..." అంటోంది స్వాతి.

"నువ్వూరుకోవే, అత్తకు భయపడి చచ్చేదానా!"

చెంచా లాక్కున్నాను. గిన్నె లాక్కున్నాను. మూడంగల్లో వాష్ బేసిన్ దగ్గరికెళ్లి మొత్తం ఒంపేశాను. చుక్క కూడా మిగలకూడదని కుళాయి తిప్పి కడిగేశాను కూడా. తర్వాత నడుం మీద చెయ్యేసుకుని వెనక్కి తిరిగాను.

స్వాతి భోరుమంది. యాదమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"అయ్యో వదినె! గవి స్వాతి పాలే! ముర్రుపాలు!"

నా వెనక కుళాయి ఇంకా కారుతూనే ఉంది.

జరిగింది ఇదీ. పాప రొమ్ము పట్టడం లేదని సిస్టరు వచ్చి, చేత్తో పాలెలా పిండాలో స్వాతికి నేర్పింది. అరగంట తంటాలు పడితే వచ్చినవి ఆ నాలుగు చుక్కలు. గిన్నె, చెంచా నీళ్లలో మరిగించి తెచ్చింది యాదమ్మే.

"నీ ఫోన్లతోని నా చెవులు తూట్లు పడ్డయి వదినె. తేనె సీస ఇంట్లనే ఇడిసిపెట్టొచ్చిన. ముర్రుపాలు పారబోసేటోళ్లంత తెలివితక్కువోళ్లు లేరని నువ్వే అంటివి గద!"

"అన్నాను."

"మరి?"

చేతిలోని ఖాళీ గిన్నెలోకి ఓసారి తొంగి చూశాను.

సిస్టరు వచ్చింది. "ఎవరు పారబోసింది?" అంది. వార్డులో ఉన్న వేళ్లన్నీ నా వైపు లేచాయి. మాకేమీ కాని ఓ ముసలమ్మ అయితే రెండు చేతులతో చూపించింది! సిస్టరు నన్ను ఎగాదిగా చూసి, "చూస్తే చదువుకున్నవాళ్లలా ఉన్నారు. ముర్రుపాలు మంచివని మీకెవరూ చెప్పలేదా?" అంది. చెంపదెబ్బ కొట్టినా అంత మండేది కాదు.

"తల్లి ఏడిస్తే పాలు సరిగ్గా దిగవు. నిమ్మళంగా ఉండాలి. ఎవరూ మాట్లాడొద్దు" అంటూ పాప గుడ్డలు విప్పి, స్వాతి ఛాతీకి ఒంటికి ఒళ్లు తగిలేలా ఆనించి, పైన దుప్పటి కప్పింది. నేనూ మాట్లాడకూడదనే అనుకున్నాను. ఒట్టు! కానీ నోరు ఊరుకుంటుందా?

"స్వాతీ, పాప నోరు పెద్దగా తెరిచేదాకా ఆగు. గడ్డం రొమ్ముకి ఆనాలి. వీపు..."

"ముందు ఈమెను బయటికి పంపండి!" అంది సిస్టరు.

యాదమ్మే నా చెయ్యి పట్టుకుని నడిపించింది. బయట బెంచీ మీద కూచోబెట్టి, "నీ మాట మంచిదే వదినె. గొంతే జర పెద్దది" అని తలుపు వేసుకుంది.

కూచున్నాను. మళ్లీ పిండితే వస్తాయో రావో. పాప ఆకలికి సోలిపోతే? ఎవరైనా పాలడబ్బా తెస్తే? ఏ మొహంతో వద్దంటాను? జీవితంలో మొదటిసారి ఎవరిని తిట్టాలో తెలియక, నన్ను నేనే తిట్టుకున్నాను. బాగానే తిట్టాను లెండి, అలవాటైన పనే కదా.

చాలాసేపటికి తలుపు సందులోంచి యాదమ్మ తల బయటికొచ్చింది. గుసగుసగా, "పట్టింది వదినె! గుటక ఏస్తుంటే సెవులు గూడ కదులుతున్నయి!" అంది. నేను లేవబోయేలోపే తలుపు మళ్లీ పడింది.

అక్కడే ఏడుపొచ్చేసింది. నవ్వూ వచ్చింది. రెండూ కలిస్తే చాలా అసహ్యంగా ఉంటుందనుకుంటాను, ఎందుకంటే నేల ఊడుస్తున్న ఆయమ్మ చీపురు పక్కన పెట్టి పరుగున వచ్చింది.

"ఏమైందమ్మా? లోపల ఏమన్న కష్టమా?"

"లేదమ్మా. మా పాప పాలు తాగుతోంది."

"మంచిదే గద! పోయి కండ్లార సూసుకో. గీడ కూసున్నవేంది?"

కొంగుతో ముక్కు తుడుచుకుని, ఉన్నమాట చెప్పాను.

"నేను లోపలికెళ్లి నోరు తెరిస్తే, పాప తాగడం ఆపేస్తుంది."