కొంగులో అడ్డగీత

మొన్న మగ్గం మీంచి కోసిన పట్టుచీర మడత పెడుతుంటే, కొంగు మధ్యలో వేలికి గీత తగిలింది. వెంట్రుకంత. కంటికి ఆనదు గానీ వేలికి తెలుస్తుంది. నేత సగంలో ఆపి, లేచి, మళ్లీ మొదలుపెట్టిన చోట పడే గీత అది. నాకు నేత నేర్పిన ఆదెప్పన్న పాతరోజుల్లో అయితే ఆ చీర నా మొహాన కొట్టేవాడు.

ధర్మవరంలో మా ఎదురిల్లే ఆయనది. డిగ్రీ పాసై, ఉద్యోగం రాక, ఆయన రెండో మగ్గం గుంతలోకి దిగాను. అంతకంటే కిందపడే వీల్లేదు కాబట్టి నిశ్చింతగా ఉండేది. ఒకరోజు కొంగు నేస్తూ మధ్యలో టీకి పోయివచ్చాను. ఆయన బట్టను తడిమి చూసి, నాలుగు వేళ్ల నేత విప్పించాడు.

"కొంగు పట్టినాక అయ్యేదాకా గుంతలోంచి లేయగూడదప్పా. లేసి మళ్లా కూచుంటే చేతి దెబ్బ మారుతాది, గీత పడతాది."

"ప్రాణం పోతాంటేనో అన్నా?"

"కొంగయినాక పొమ్మను."

కరోనా వచ్చిన ఏడాది, ఒక పొద్దున ఆయన కొంగు నేస్తూ ఎదురురొమ్ము రుద్దుకోవడం చూశాను. చొక్కా తడిసిపోయింది. ఆయన భార్య రామలక్ష్మక్క సోడా తెచ్చింది. ఆస్పత్రికి పోదామన్నాను. "గ్యాసుకు ఆస్పత్రా? పోతే కరోనా వార్డులో పండబెడతారు. ఇంక మూరెడే ఉండాది" అన్నాడు. "సరేన్నా, సాయంత్రం దాకా ఆగమని గుండెకు చెప్పు" అన్నాను. ఆయన నవ్వాడు. నవ్వించాను కదా, నా పని అయిపోయిందనుకున్నాను. సాయంత్రం కొంగు పూర్తయింది, గీత లేకుండా. లేవబోయి గుంత అంచున కూలిపోయాడు. అనంతపురం ఆస్పత్రిలో ముందు ముక్కులో పుల్ల పెట్టి, ఫలితం వచ్చేదాకా కూర్చోబెట్టారు. బతికాడు. "పొద్దున్నే తెచ్చుంటే గుండె కండరం ఇంత చచ్చేది కాదు" అన్నాడు డాక్టరు, నావైపు చూసి.

బతికాడంటే కథ సుఖాంతమని అందరూ వెళ్లిపోయారు. ఆ తర్వాత నాలుగేళ్లుంది. గుండె పంపింగు సగానికి పడిపోయింది. పాదాలు వాచేవి, పది అడుగులకే ఆయాసం. అయినా మగ్గం వదల్లేదు. జానెడు నేసి పైకొచ్చి పడుకునేవాడు, లేచి మళ్లీ జానెడు. అలా ఏడాది పట్టి ఒక్క చీర నేశాడు, రామలక్ష్మక్క కోసం. దాన్నిండా గీతలే. నా వేలు పట్టి వాటి మీద నడిపించాడు.

"ఇది ఆయాసం. ఇది మాత్తర్లు మర్చిపోయిన దినం. ఆ పొద్దు ఒక్క గీత పడనిచ్చింటే, ఇన్ని పడేవి గావు గదప్పా."

నిరుడు పోయాడు. గుండె అలిసిపోయిందన్నారు.

పోయిన నెల నేను కొంగు మధ్యలో ఉన్నాను. రామలక్ష్మక్క గడపలో కూర్చుని, "దవడ లాగుతాంది, వీపు నొస్తాండాది, గ్యాసేమో" అంది. చేతిలో పోగు నడిపే నాడె ఎక్కడ పడేశానో గుర్తులేదు. ఆటోలో దారిపొడుగునా ఆమె నన్ను తిట్టింది. ఆస్పత్రి చేరిన గంటలో స్టెంటు వేశారు. నాలుగోనాటికి ఇంటికొచ్చి, ముందు అడిగింది ఒకటే.

"కొంగులో ఉంటివి గదా, లేసినావా?"

"లేసినా అక్కా."

"ఆయన ఉండింటే విప్పిస్తుండె."

"విప్పించేవాడు కాదులే" అన్నాను. ఆమె మగ్గం దగ్గరికొచ్చి, గీత యాడుందో చూపించమని చెయ్యి చాపింది.