నడుముకు అల్లుకున్న తాడు

బల్లార్షా స్టేషన్‌లో మా ఆర్మీ కంపెనీ దిగింది ఉదయం ఆరూ పదికి. ఆగస్టు నెల. నాలుగు రోజులుగా వాన, ఊళ్ళ మీద వరద. రైల్లోంచి మూడు పడవలు, మూడు ఇంజన్లు, పెద్ద తాళ్ళు నాలుగు, విసిరే సన్న నైలాన్ తాడు కట్టలు మూడు దింపాం. పడవకు ఒక కట్ట చొప్పున. ప్లాట్‌ఫాం మీద కాగితం మిల్లు వాసన. స్టేషన్ బయట కొత్తగా పెట్టిన ఎస్టీడీ బూతులో కూడా మోకాలి లోతు నీళ్ళు.

మీరంతా నన్ను సరిహద్దు కబుర్లు అడుగుతారు. నేను చెప్పేది మన వర్ధా నది సంగతి. అప్పుడు నేను హవల్దారుని, మూడో పడవకు పెద్దని. రాజురా వైపు పుట్టిన తెలుగువాణ్ణి కాబట్టి ఊళ్ళ దారులు తెలుసు, భాష తెలుసు అని సుబేదార్ సాబ్ నన్ను ముందు పెట్టాడు. నా గురించి ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. నాది అనుమానపు బుద్ధి. బ్యారక్‌లో సబ్బు అరిగినా ఎవడు వాడాడా అని చూసేవాణ్ణి.

బామ్ని దగ్గర ఒక బడిలో మకాం. రాజురా వంతెన మీద నుంచి నీళ్ళు పోతున్నాయి. మధ్యాహ్నం రెండింటికి మొదటి పడవ నీళ్ళలో దిగింది. మా పడవ ఇంజన్ నడిపేది ఒక లాన్స్ నాయక్. శ్రీకాకుళం సముద్రపు ఒడ్డు కుర్రాడు, వలలు అల్లే ఇల్లు. అతనికో అలవాటుంది. ఒంటి మీద తాడు లేకుండా ఉండడు. మణికట్టుకు తాడుతో అల్లిన పట్టీ, ఈలకు అల్లిన తాడు, ప్యాంటుకు నాలుగు వేళ్ళ వెడల్పు అల్లిన బెల్టు. అన్నీ ఆకుపచ్చ నైలాన్.

"ఇదేం సింగారంరా?" అన్నాను.

"సింగారం కాదండి. బెల్టులో పది బారల తాడుంది. ఓ కొస లాగితే సాలు, సరసరా ఊడొచ్చేస్తాది. సముద్రం మీద మా అయ్య కూడా ఇలాగే కట్టీవోడు."

నేను నవ్వలేదు. పది బారల తాడు వీడికి ఎక్కడిదని మాత్రం అనుకున్నాను.

రెండో రోజు ఉదయం ఒక గుడిసెల వాడకు పోయాం. అందరూ ఎక్కారు, ఒక రైతు తప్ప. నలభై ఏళ్ళుంటాయి, మన తెలుగువాడే. గట్టు మీద రెండు ఎడ్లను పట్టుకుని నిలబడ్డాడు.

"మిలిట్రీ డ్రస్సు ఏస్కుంటే మిలిట్రీ ఐతరా? ఊరంత ఖాళీ చేపిస్తరు, ఎన్క నుంచి ఎవడో అచ్చి ఎడ్లను తోల్కపోతడు."

"నేను రాజురోణ్నే అన్నా. నమ్ము."

"రాజురోడివైతే ఇంకా నమ్మ."

అతని భార్య పడవలోంచి చేతులు జోడించింది. అతను కదల్లేదు, మేం మిగిలినవాళ్ళతో పడవ తిప్పాం. నాకు కోపం రాలేదు. అతని చోట నేనున్నా అదే మాట అనేవాణ్ణి.

ఆ సాయంత్రం ఐదున్నరకు స్టోర్ చూసే నాయక్ నా దగ్గరికొచ్చాడు. గుంటూరు వైపు మనిషి.

"సన్న తాడు కట్ట ఒకటి తగ్గిందండీ. రెండే ఉన్నాయి. ఎవరి మీదా నింద వెయ్యను గానీ, మీ ఇంజన్ కుర్రాడు ఒళ్ళంతా తాళ్ళే చుట్టుకు తిరుగుతున్నాడు. చూశారా?"

మా స్టోర్ తాడు తెల్లది, అతనిది ఆకుపచ్చది. రంగు వేయడం ఎంతసేపు అనుకున్నాను. సర్కారీ తాడుకు ఒక గుర్తుంది. పైతొడుగు లోపల తెల్లపోగుల మధ్య ఒక పసుపు పోగు ఉంటుంది. అది కనబడితే దొంగ దొరికినట్టే.

లాన్స్ నాయక్‌ను వరండాలో నిలబెట్టాను. బెల్టూ పట్టీ విప్పించాను.

"ఏటి హవల్దార్ సాబ్, నాను దొంగనా? మా ఊరి వలల కొట్లో కొనుక్కున్న తాడండి ఇది."

"లోపల చూడాలి."

"అయితే నాను విప్పుతానండి. కొయ్యకండి. అల్లికలో ఒకే తాడు అటూ ఇటూ తిరిగుంటాది. ఒక్క సోట కోస్తే నాలుగు సోట్ల తెగిపోద్ది."

విప్పనిస్తే ఆ వేళ్ళ చురుకుతనంతో పసుపు పోగు లాగి పారేస్తాడని నా భయం. కత్తి తీసి బెల్టును రెండు చోట్ల కోశాను. పట్టీని ఒక చోట. పోగులు విప్పి వెలుతురులో చూశాను. అన్నీ తెల్లవే. పసుపు లేదు.

అప్పుడైనా తప్పయిందని అనాల్సింది. అనలేదు. ముందే తీసేసి ఉంటాడేమో అని ఇంకో అనుమానం. "సరే, నీ ముక్కలు నువ్వు ఉంచుకో" అన్నాను. అతను వంగి ఒక్కో ముక్కా ఏరుకుని తన భుజం సంచి హావర్‌సాక్‌లో వేసుకున్నాడు. నా ముఖం వైపు చూడలేదు. నాకు లోపల చిరాకేసింది, అది కూడా అతని మీదే.

మూడో రోజు ఉదయం సుబేదార్ సాబ్ ఆర్డరిచ్చాడు. మొదటి రెండు పడవలకు సన్న తాళ్ళు. మూడోది జాగ్రత్తగా నడుచుకోవాలి. పదకొండూ ఇరవైకి ఒక ముసలాయన్ని, ఆయన ముగ్గురు మనవల్ని మిద్దె మీద నుంచి దింపుకుని తిరిగి వస్తున్నాం. పొలాల మీద ప్రవాహం బురద రంగులో, చాలా జోరుగా ఉంది. మునిగిన కంచె తీగ ఇంజన్ రెక్కలకు చుట్టుకుంది. ఇంజన్ ఆగిపోయింది. కొట్టుకుపోతూ ఒక కరెంటు స్తంభాన్ని పట్టుకుని పెద్ద తాడుతో పడవను కట్టేశాం. పడవలో ఉన్న ఆ ఒక్క తాడూ మొత్తం వదిలాక పడవ నిలిచింది.

అప్పుడు వినబడింది కేక. దిగువన, కొంచెం పక్కకు, తుమ్మ చెట్టు. కొమ్మ మీద నిన్నటి రైతు. ఎడ్లు లేవు.

"ఓ అన్నా! రాజురన్నా!"

మాకూ చెట్టుకూ మధ్య తొమ్మిది బారలు. చెట్టు అప్పటికే ఒరిగింది. కట్టు విప్పితే పిల్లలతో సహా నేరుగా నదిలోకి పోతాం. మిగిలిన ఒక్క లైఫ్ జాకెట్ విసిరాను. నీళ్ళు దాన్ని అటు పక్కకు తీసుకుపోయాయి. వైర్‌లెస్ అందుకున్నాను.

"రెండో పడవ, నేను మూడు. సన్న తాడు కావాలి. ఎంతసేపు? ఓవర్."

"ఇరవై నిమిషాలు. ఓవర్."

లాన్స్ నాయక్ హావర్‌సాక్ బోర్లించి ముక్కలకు ముడులు వేయడం మొదలుపెట్టాడు. నైలాన్ జారుతుంది, మామూలు ముడి నిలవదు. రెండు వైపులా చుట్టి చుట్టి బిగించాలి. ఒక్కో ముడికి జానెడు తాడు పోతోంది. చిన్న ముక్కలు ముడికే చాలలేదు, వాటిని పక్కన పడేశాడు. నేను చూస్తూనే ఉన్నాను. ముసలాయన అడగకుండానే ధోవతి విప్పిచ్చాడు. దాన్ని మా చేతి వైపు కొసకు కట్టాం. అవతలి కొసకు సగం నీళ్ళున్న బాటిల్.

"నడుముకు కట్టుకుని ఈదుతానండి."

"చాలదురా. వద్దు. విసురు."

మొదటిసారి పక్కకు పోయింది. రెండోసారి నేను ఒక చేత్తో ధోవతి కొస, ఇంకో చేత్తో అతని నడుం పట్టుకున్నాను, అతను పడవ అంచు మీద నుంచి ఒంటినంతా బయటికి వంచి విసిరాడు. తాడు తిన్నగా సాగి చెట్టు వైపే పోయి బిగుసుకుంది. మూరెడు తక్కువ.

రైతు కొమ్మను ఒక చేత్తో పట్టుకుని రెండో చెయ్యి చాపాడు.

"ఇంకొంచెం ఇడువన్నా!"

నా పిడికిట్లో ధోవతి కొస తప్ప ఇంకేం లేదు. "ఆగన్నా, పడవ అస్తుంది, గట్టిగ పట్టుకో" అని అరిచాను. వేళ్ళు కదిపాడు, బాటిల్ అందుతుందేమోనని ఇంకా వంగాడు. చెట్టు వేర్లతో సహా నెమ్మదిగా పడుకుంది. మేం కేకలు వేశాం. వాచీలో పదకొండూ యాభై ఒకటి. రెండో పడవ పన్నెండు గంటలకు వచ్చింది. సాయంత్రం ఆరింటి దాకా వెతికాం. దొరకలేదు.

రిపోర్టులో 'తాడు పొడవు చాలలేదు' అని రాశాను. ఎందుకు చాలలేదని సుబేదార్ సాబ్ అడిగాడు. "అంతే ఉంది సాబ్" అన్నాను. లాన్స్ నాయక్ పక్కనే ఉన్నాడు. బయటికొచ్చాక "తప్పు నాదిరా" అన్నాను.

"ముడులు తినేసాయండి. మీరేటి సేస్తారు." అంతే అన్నాడు. మర్నాడు పడవ మార్చమని అడిగాడు. సంతకం పెట్టాను.

ఏడో రోజు నీళ్ళు తగ్గాయి. సామాను కట్టేటప్పుడు వంటపాక మీద టార్పాలిన్ విప్పారు. దాన్ని బిగించి కట్టింది తెల్లటి కొత్త నైలాన్ తాడుతో. వంటవాడు నవ్వుతూ చెప్పాడు. మొదటి రోజు వానలో స్టోర్ దగ్గర ఎవరూ లేకపోతే తనే ఒక కట్ట తెచ్చి కట్టాడట. ఏడు రోజులు అందరం దాని కిందే కూర్చుని తిన్నాం.  నేను పక్కకు పోయి తిన్నదంతా కక్కుకున్నాను.

లారీ ఎక్కే ముందు రైతు భార్య వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. భాష తెలిసినవాణ్ణని నన్నే వెతుక్కుంటూ వచ్చింది.

"తాడు ఏసిన్రట గదా అన్నా."

"ఏసినం చెల్లె. అందలే."

"ముందు రోజే నీ ఎంబడి అస్తే బతుకుతుండె. ఎవ్వల్ని నమ్మకపోతుండె. గా అనుమానమే తిన్నది ఆయన్ని."

అప్పుడు చెప్పాల్సింది. బెల్టు సంగతి, కత్తి సంగతి. లారీ హారన్ కొట్టింది. నేను ఎక్కేశాను. ఆమె చనిపోయిన మనిషిని తప్పుపడుతూ అక్కడే నిలబడింది, నేను ఆ నింద అతని మీదే ఉండనిచ్చాను.

రాత్రి ఎనిమిదికి బల్లార్షా నుంచి రైలు కదిలింది. తర్వాత పదకొండేళ్ళు నౌకరీ చేశాను, మంచులో ఉన్నాను, కాల్పుల కింద ఉన్నాను. వాటిలో చాలా మరిచిపోయాను. ఆ చెయ్యి మాత్రం పోదు. బురదనీటి మీద ఎగిరెగిరి పడుతున్న బాటిల్, దానికి మూరెడు అవతల తడిసిన అరచెయ్యి. ఆ వేళ్ళు తెరుచుకుని, తాడు ఇంకా వస్తుందన్న నమ్మకంతో ఎదురుచూస్తున్నాయి.