తాడు వణకలేదు

మిసిసిపీ నది ఒడ్డున ఉన్న మా ఊరు చూడ్డానికొచ్చే వాళ్లంతా కొండ మీదికి తాడు లాగే చిన్న బండి ఎక్కాల్సిందే. కొండపైన, కింద ఆగిన బండి కనపడని గదిలో, దాన్ని లాగే లీవరు దగ్గర ముప్పై ఏళ్లుగా లోర్నా బ్రింక్‌మయరే కూర్చుంటుంది. మాట పెళుసు, చెయ్యి నిదానం. కింద జనం ఎక్కి, తలుపు మూసి, గంట కొడతారు. ఆ గంటకు ఒకటే అర్థం: లాగమని.

ఆ ఆదివారం గంట మోగింది. లోర్నా కదల్లేదు. మళ్లీ మోగింది. ఆగకుండా మోగుతూనే ఉంది.

కిందికి దిగడానికి వరసలో ఉన్న ఒకాయన విసుక్కున్నాడు. "ఏం మామ్మా, నిద్దరపోయావా? చెవులు పనిచెయ్యట్లేదా?"

"నోర్ముయ్. కింద బండి తలుపు పడితే తాడు వణుకుతుంది. వణకలేదు."

పక్కనే టికెట్లిచ్చే నేను కూడా, "లాగెయ్ లోర్నా, జనం తిడుతున్నారు," అన్నాను. ఆమె తాడు మీంచి చూపు తిప్పలేదు.

చాలాసేపటికి తాడు సన్నగా వణికింది. అప్పుడు లాగింది.

పైకొచ్చిన బండిలోంచి ఒక తల్లి దిగింది. చంకలో నాలుగేళ్ల పిల్ల, ఒక కాలికే చెప్పు. రెండో కాలు బండికీ గట్టుకీ మధ్య సందులో ఇరుక్కుందట.

"పిల్ల ఎక్కేసిందనుకుని, తలుపు వెయ్యకముందే మొదటి గంట నేనే కొట్టా," అందామె. "తర్వాతవన్నీ లాగొద్దని కొట్టా."

లీవరుకు బిగుసుకుపోయిన లోర్నా వేళ్లను, లాగెయ్యమన్న నేనే ఒక్కొక్కటిగా విడదీశాను.