మోగని మెట్లు

జూనియర్ కాలేజీలో ఫిజిక్సు లెక్చరరుగా చేరిన కొత్తలో అమలాపురంలో ఒక మేడగది అద్దెకు తీసుకున్నాను. గది చూపిస్తూ ఇంటావిడ, "పొద్దున్నే కింద పియానో వాయిస్తానమ్మా. పడదనుకుంటే ఇప్పుడే చెప్పేయండి, మొహమాటం వద్దు," అన్నారు. అరవై దాటిన మనిషి, తెల్ల నూలుచీర, పొడవాటి వేళ్లు. వీధిలో అందరూ ఆవిడను పియానో టీచరుగారనేవారు.

ఆవిడ కథ సాయంత్రాలు అరుగు మీద టీ తాగుతూ కొంచెం కొంచెంగా విన్నాను. నాన్నగారు మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. అక్కడి దొరసాని డాక్టరు ఈ పిల్లకి చర్చి పియానో నేర్పింది. స్వదేశం వెళ్లిపోతూ మద్రాసులో సంగీతం చదివే ఏర్పాటు చేసింది. పరీక్షలన్నీ ప్యాసై, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో కచేరీలు చేశారు ఆవిడ. కడుపు నిండటానికి మాత్రం సినిమా రికార్డింగులే.

"నేను వాయించిన పాటలు మీరు వినే ఉంటారమ్మా. నన్ను మాత్రం విని ఉండరు," అని నవ్వేవారు.

సొంతంగా కట్టి కాగితాల మీద రాసుకున్న సంగీతమంతా ఒక ట్రంకుపెట్టెలో ఉండిపోయింది. ఎలక్ట్రానిక్ కీబోర్డులు వచ్చి స్టూడియోల నుంచి పిలుపులు ఆగిపోయాక, పియానోను లారీ ఎక్కించుకుని నాన్నగారి ఇంటికి వచ్చేశారు. ఆదివారాలు చర్చిలో వాయిస్తూ, పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్నారు.

మా అమ్మ పాడే కీర్తనలు విని పెరిగిన చెవి నాది. మొదట్లో ఆ పియానో నలుగురు ఒకేసారి మాట్లాడుతున్నట్టు ఉండేది. పోనుపోను ఆ నలుగురూ ఒకరి మాట ఒకరు వింటూనే మాట్లాడుతున్నారని తెలిసింది. అప్పటి నుంచి కాలేజీకి ఆలస్యమవుతున్నా సరే, మెట్ల మీద కూర్చుండిపోయేదాన్ని.

ఆ ఏడు కార్తీకంలో గాలివాన వచ్చింది. చీకటి పడకముందే కొబ్బరిచెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. కింద పియానో ఉన్న ముందుగది మీద మేడ లేదు, దాని పెంకులు ఎగిరిపోయాయి. నేను పరుగున దిగేసరికి ఆవిడ పియానో మీద పరుపు కప్పి, దాన్ని రెండు చేతులతో అదిమిపట్టుకుని ఉన్నారు. ఇద్దరం తోసినా అది అంగుళం కదల్లేదు. మా కళ్లముందే నీళ్లు లోపలికి కారిపోయాయి.

తరువాత చాలా రోజులు ఊళ్లో కరెంటు లేదు. పొలాల్లో పైరు మునిగింది, ఎందరి ఇళ్లలోనో మనుషులే లేకుండా పోయారు. ఆవిడ పగలంతా చర్చిలో గంజి వండి పోసి వచ్చేవారు. పియానో ఆరాక ఒక ఉదయం మూత తీసి, తెల్లవీ నల్లవీ ఒక్కో మెట్టూ నొక్కి చూశారు. చాలావాటికి చప్పుడు లేదు.

"పోయిందాండీ?" అన్నాను.

"కొన్ని పోయాయమ్మా. ఉన్నవాటితో సర్దుకోవాలి," అన్నారు.

మోగని మెట్ల మీద సుద్దముక్కతో గీతలు పెట్టారు. ఆ మర్నాటి నుంచి కింద నుంచి ఎప్పుడూ వినని సంగీతం రావడం మొదలైంది. నడుస్తూ నడుస్తూ ఆగేది. ఆగినచోట ఎవరో ఉండాల్సినవాళ్లు లేనట్టుండేది. కాసేపు చూసి మళ్లీ నడిచేది. గీత పెట్టిన మెట్టు వచ్చినప్పుడు ఆవిడ దాన్ని దాటేసేవారు కాదు. నొక్కి, దాని వంతు అయ్యేదాకా కూర్చునేవారు.

ఎండలు ముదిరాక మద్రాసు నుంచి పాత స్నేహితుడొకాయన వచ్చారు. స్టూడియో రోజుల్లో ఆవిడ పియానోకు శ్రుతి చేసిన మనిషి. తుప్పు తీగలు మార్చి, ఉబ్బిన చెక్కలు సరిచేసి, "ఇక అన్నీ పలుకుతాయి. వాయించండి," అన్నారు.

ఇంక ఆ ఖాళీలు నిండిపోతాయని నాకు దిగులేసింది. ఆవిడ మొదలుపెట్టారు. గీతల చోటు వచ్చింది. మెట్టును కొద్దికొద్దిగా, నిద్రపోయే పసిబిడ్డ మీద చెయ్యి వేసినంత మెల్లగా నొక్కారు. లోపలి సుత్తి తీగకు తగల్లేదు. కానీ తీగను అణిచిపెట్టే ముక్క లేచింది. పక్క తీగలు మోగగానే, ఎవరూ కొట్టని ఆ తీగ కూడా తనంతట తాను సన్నగా పలికింది.

అది అనునాదం. శ్రుతిదండాలు బల్ల మీద పెట్టి పిల్లలకు నేను చెప్పే పాఠమే. ఆ గదిలో మాత్రం దాన్ని మొదటిసారి విన్నదానిలా పియానో దగ్గరికి జరిగి చెవి పెట్టాను. శ్రుతి చేసిన పెద్దాయన చేతిలో గుడ్డతో కళ్లు తుడుచుకుని, "దీన్ని మద్రాసులో వినిపించాలి మీరు," అన్నారు.

ఆయనే పట్టుబట్టి కచేరీ ఏర్పాటు చేశారు. తోడుగా నేనూ వెళ్లాను. చిన్న హాలు. ఆ సన్నని పలుకు వచ్చినప్పుడల్లా జనం కుర్చీల్లో ముందుకు వంగారు. అయిపోయాక, స్టూడియోలో ఆవిడతో పాటు వయొలిన్ వాయించిన ఒక ముసలాయన వేదిక దగ్గరికి వచ్చారు.

"అన్నేళ్లు మా పక్కనే కూర్చున్నారు. ఇంత సంగీతం మీలో ఉందని ఒక్కనాడూ చెప్పలేదేంటండీ?"

"మీరెవరూ అడగలేదు కదండీ," అన్నారు ఆవిడ. ఆ గొంతులో నిష్ఠూరం లేదు.

ట్రంకుపెట్టెలోని సంగీతం ఒక్కొక్కటీ బయటికి వచ్చింది ఆ తరువాతే. ఇంకో రెండు ఊళ్ల నుంచి పిలుపులూ వచ్చాయి.

ఆ కచేరీ నుంచి తిరుగు ప్రయాణంలో ఆవిడ కిటికీ పక్కన కూర్చుని, కొవ్వూరు రాకముందే నా భుజం మీద తల వాల్చి నిద్రపోయారు. పొద్దున్న ఎండలో రైలు గోదావరి వంతెన ఎక్కింది. నిద్రలోనే ఆవిడ వేళ్లు ఒడిలో సన్నగా కదులుతున్నాయి. ఏం కడుతున్నారో అని, రాజమండ్రి వచ్చేదాకా నేను భుజం కదపలేదు.