ఒళ్లు విదిలిస్తే ఒప్పుకున్నట్టా

నా చిన్నప్పుడు, పుంగనూరు పక్క మా ఊళ్లో గంగజాతర వచ్చిందంటే బలిచ్చే పొట్టేలి మీద నీళ్లు పోసే పని నాదే. పసుపునీళ్లు నెత్తిన పడితే అది ఒళ్లు విదిలించేది. అలా విదిలిస్తే బలికి ఒప్పుకున్నట్టు లెక్క. "ఒప్పుకునింది!" అని అందరికంటే ముందు అరిచేది నేను. విదిలించకపోతే ఇంకో చెంబు, అప్పటికీ కాకపోతే మరొకటి. విదిలించేదాకా పోయడమే. అది తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం.

నాకు పదకొండేళ్లప్పుడు, జాతర అయిన వారానికి, మల్బరీ ఆకు కోయడానికి కూలికి పోయిన పక్కింటి అక్క మీద ఆ తోట ఆసామి అత్యాచారం చేశాడు. అక్కకు ఇరవై దాటాయి. పంచాయితీ పెట్టారు. ఆసామి కుర్చీలో దర్జాగా కూర్చున్నాడు. అక్క గోడవార నిలబడింది. ఆమెను ఎవరూ ఒక్క మాట అడగలేదు.

"అరిసిందా? అరవలేదు గదా. అంటే ఒప్పుకున్నట్టే గదప్పా. ఇంగ పోండి," అని ఊరిపెద్ద తేల్చేశాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా తలలూపారు. సిగ్గులేని తలలు!

మా అవ్వ నన్ను చెంబుతో నీళ్లు తెమ్మంది. తెచ్చాను. తిన్నగా పోయి ఊరిపెద్ద నెత్తిన కుమ్మరించింది. ఆయన ఉలిక్కిపడి తల విదిలించాడు.

"సూడండప్పా, ఒప్పుకున్నాడు. ఇంగ కత్తి ఎత్తుకు రాండి," అంది అవ్వ.

"ఏమే ముసిల్దానా, నన్నడిగే పోసినావా?" అని ఆయన మండిపడ్డాడు.

"చెంబు నీళ్లకే నిన్ను అడగాల్నా? మరి ఆ యమ్మిని అడిగినోడు ఈడ ఎవుడన్నా ఉండాడా?"

అవ్వ అక్క దగ్గరికి పోయి, "టేసనుకు పోదామామ్మా? నీకిష్టమైతేనే," అంది. "పోదామవ్వా," అంది అక్క. ఆ రోజు అక్క మాట నేను విన్నది అప్పుడే. ఇద్దరూ మదనపల్లె బస్సెక్కారు. కేసు ఏళ్ల తరబడి నడిచింది. ఆసామి మాత్రం ఊళ్లో మీసం దువ్వుకుంటూ తిరిగాడు, నమస్కారాలు కూడా అందుకున్నాడు.

నేను టీచరునయ్యాక ఏటా పదో తరగతి పిల్లలకు ఈ సంగతి చెబుతూ వచ్చాను. అడగండి, సరేనంటేనే సరే, నోరు మెదపకపోతే కాదనే అర్థం అని. "పిల్లలకు ఇవన్నీ యాల సార్?" అనేవారు తోటి మాస్టార్లు. పొట్టేలి తరఫున అంత గట్టిగా అరిచిన నా నోరు అక్క కోసం పెగలలేదు కదా, అందుకు.

ఇప్పటికీ బాగా చదువుకున్నవాళ్లే పేపర్లో ఇలాంటి వార్త చదివి పక్కన పడేసి, "ఆ పిల్ల అరవలేదంట కదా సార్?" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నా చెయ్యి చెంబు కోసం వెతుకుతుంది.