మురుగు బోదె ఎవరి ఆలోచన

మొన్న మా ఊళ్ళో జరిగిన రైతు సదస్సులో వ్యవసాయాధికారి మైకు పట్టుకుని, కాలువ శివారున ఉన్న మా చేలలో చౌడు ఎలా విరిగిందో వివరించారు. ఆ ఆలోచన మా తోడికోడలిదని చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. పక్క కుర్చీలో ఉన్న నేనూ కొట్టాను. ఇంటికొచ్చాక అన్నం సయించలేదు. ఊరు ఒక మాట అనుకుందంటే ఇక అదే నిలిచిపోతుంది, రేపు మా మనవలూ అదే చెప్పుకుంటారు. అందుకే ఆ ఆలోచన ఏ బీరువాలోంచి వచ్చిందో, ఎవరి నోటి మీదుగా ఎవరి చెవికి చేరిందో నేనే రాసి పెడుతున్నాను.

మాది భీమవరానికి అవతల, కాలువ చివరి ఊరు. ధవళేశ్వరంలో వదిలిన నీళ్ళు మా దాకా వచ్చేసరికి పై ఊళ్ళవాళ్ళ ఆకుమళ్ళు పచ్చబడి ఉంటాయి. మామగారి పొలం అన్నదమ్ములు పంచుకున్నప్పుడు పైచెక్క మా మరిదికి, దిగువ చెక్క మాకు వచ్చాయి. చీటీలు వేసి పంచారు కనక ఎవరినీ అనడానికి లేదు. నీళ్ళు ముందు వాళ్ళ చేలో నిండి, గట్టుకున్న గండిలోంచి మా చేలోకి దిగుతాయి. మాకు దిగువన అంతా రొయ్యల చెరువులే. వేసవిలో మా చేలో నడిస్తే అరికాళ్ళకు ఉప్పు తెల్లగా అంటేది. రెండో పంట దాళ్వా ఎప్పుడో మానేశాం. తొలి పంట సార్వా పైరు కూడా గింజ పాలు పోసుకోకముందే ఎర్రబడిపోయేది. చివరికి భీమవరం నుంచి ఒకాయన వచ్చి, లీజుకిస్తే చెరువు తవ్వించుకుంటానన్నాడు. మా ఆయన సగం ఒప్పుకున్నారు. ఆషాఢం వెళ్ళగానే అగ్రిమెంటు. చెరువు తవ్వాక ఆ నేలలో మళ్ళీ వరి పండించడం మా వల్ల అయ్యే పని కాదు. నేను కాపురానికి వచ్చిన ఏడాది నుంచీ మా ఇంట్లో ఉడికింది ఆ చేలో బియ్యమే. దాన్ని చెరువు కానివ్వడం నాకు ఇష్టం లేదు.

బడిలో నేను చదివింది పదో తరగతి వరకే. మిగతా చదువంతా మా మండలం లైబ్రరీలో జరిగింది. మంగళవారం మంగళవారం ఆటోలో వెళ్ళేదాన్ని. నేను తప్ప వ్యవసాయం బీరువా తెరిచేవాళ్ళు లేరని లైబ్రేరియన్ గారు తాళం చెవి నా చేతికే ఇచ్చేసేవారు. పాలచౌడు వేరు, కారుచౌడు వేరు అని అక్కడే తెలుసుకున్నాను. కారుచౌడుకి జిప్సం వెయ్యాలి. పాలచౌడులో ఉప్పు నీళ్ళకి కరుగుతుంది. మంచినీళ్ళు పెట్టి, బురదయ్యేలా దమ్ము చేసి, ఆ నీళ్ళు బయటికి పంపేస్తే వాటితోపాటే పోతుంది. ఎండాకాలం నేల లోపలి తడి పైకి వచ్చి ఆరిపోతూ ఉప్పుని పైన వదిలేస్తుంది. కాబట్టి అప్పుడు నేలని ఖాళీగా ఉంచకుండా పచ్చిరొట్టకి జీలుగ చల్లి, పూత దశలో కలియదున్నాలి. అన్నిటికన్నా ముందు మురుగు పోవడానికి దారి ఉండాలి, అంటే ఊరి డ్రెయిన్ దాకా చిన్న కాలువలాంటి బోదె. ఇదంతా మా ఆయనకి అన్నం వడ్డిస్తూ చెప్పాను. సరేలే చూద్దాం అన్నారు. మర్నాడు ఎరువుల కొట్టాయన చెప్పాడని జిప్సం బస్తాలు తెచ్చి దించారు. మాది పాలచౌడు.

మా తోడికోడలు డిగ్రీ చదివింది కానీ పుస్తకం పట్టదు. అడుగుతుంది, అంతే. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ ఈ వారం ఏం చదివానని అడిగింది. అలా అడిగితే నేను ఆగలేను, మొత్తం చెప్పేశాను. రెండో రోజుకల్లా మా మరిది బండి మీద జీలుగ విత్తనాల మూట కనబడింది. విత్తనాలు చూసి నాకు కడుపు మండలేదు. ఆవిడ రాత్రి చెబితే ఆయన పొద్దున్నే వెళ్ళి తెచ్చాడు, దానికి మండింది. నా చదువంతా కలిపినా నాకు అలాంటి పొద్దు ఒక్కటీ తెల్లవారలేదు.

వానలు పడ్డాయి. వాళ్ళ చేలో జీలుగ నడుము దాటింది. గేదెకి గడ్డి కోసే వంకన రోజూ వెళ్ళి చూసేదాన్ని. అంత పచ్చదనం పక్కన మా చేను సున్నం చల్లినట్టు కనబడేది. ఒకరోజు ఆవిడ ఫోను చేసింది.

"అక్కా, పూత కనబడుతోందండి. ఇప్పుడే దున్నించనా, ఇంకాస్త ఎదగనివ్వనా?"

ఆగమనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. కాడ ముదిరితే మట్టిలో త్వరగా కుళ్ళదు, ఊడ్పులకి అడ్డమవుతుంది. వాళ్ళ చేను ఒక్క ఏడాది వెనకబడితే నా ప్రాణం కాస్త నెమ్మదించేది. కానీ అది నేను చదివిన సంగతి. దాన్ని నా నోటితో తప్పుగా చెప్పలేకపోయాను. ఇప్పుడే దున్నించెయ్యమన్నాను.

దున్ని, కాలువ నీళ్ళు నిండా పెట్టి, దమ్ము చేసి, ఆ నీళ్ళు వదిలారు. అవి ఎక్కడికి పోతాయి? గండిలోంచి ఎర్రగా, కంపుకొడుతూ మా చేలోకి దిగాయి. మా ఆయన చూశారు. తమ్ముణ్ణి గట్టు మీదికి పిలిపించారు. వెనకాలే నేనూ తోడికోడలూ వెళ్ళాం.

"మీ ఉప్పంతా కడిగి నా చేలో పోస్తావేంట్రా?"

"గండి నాన్నగారప్పటి నుంచీ ఉన్నదే కదన్నయ్యా. కొత్తగా నేనేం పెట్టాను?"

మాట పెరిగింది. చేను చెరువుకిచ్చేస్తే ఈ గొడవే ఉండదని మా ఆయన అనేశారు. అప్పుడు మా తోడికోడలు ఒకడుగు ముందుకు వచ్చింది. బావగారి ఎదుట ఆవిడ నోరు విప్పడం చాలా అరుదు. అందుకే ఇద్దరూ ఆగారు.

"బావగారూ, గట్టు వారనే మురుగు బోదె తవ్వి డ్రెయిన్లో కలిపేస్తే రెండు చేలూ కడుక్కోవచ్చండి. మా చెక్కలో జాగా మేమిస్తామండి."

మా ఆయన డ్రెయిన్ వైపు చూశారు, గట్టు వైపు చూశారు. తర్వాత నా వైపు తిరిగారు.

"అమ్మాయి చెప్పింది బాగుంది. ఇన్ని పుస్తకాలు తిరగేస్తావు, నీకు తోచలేదేంటి?"

"అది అక్కే కదండీ..." అంటూ ఆవిడ చెప్పబోయింది. నేను ఆవిడ మణికట్టు పట్టుకుని నొక్కాను. ఆ మాట నాదని తెలిస్తే ఆయన అందులో లోపాలు వెతకడం మొదలుపెడతారు. వెతుకుతుండగానే ఆషాఢం వెళ్ళిపోతుంది.

"నాకేం తోస్తుందండీ. అమ్మాయి చెప్పిందిగా, తవ్వించండి" అన్నాను.

ఇంటికి వస్తూ దారిలో ఆవిడ నవ్వింది. "అయితే ఇకమీదట మీరు నాకు చెప్పండక్కా, నేను బావగారికి చెబుతా" అంది. వేళాకోళానికే అంది. ఆ మాట నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు.

ఊడ్పులకి ముందే బోదె తయారైంది. మేమూ చేను కడిగాం. ఒక పంట చూసి చెబుతానని మా ఆయన భీమవరం మనిషికి కబురు చేశారు, అతను ఇంకెవరిదో చేను మాట్లాడుకున్నాడు. తర్వాతి వేసవిలో మేమూ జీలుగ చల్లాం. దిగువ మూల కొంచెం మేర ఇంకా తెల్లబడుతూనే ఉంది కానీ మిగతా అంతా వరి పండుతోంది.

సాయం చేసినవారికి కృతజ్ఞతలు చెప్పాలి. పేర్లు రాయను, మా ఊళ్ళో వరస చెబితే మనిషి తెలిసిపోతారు. బీరువా తాళం ఇచ్చిన లైబ్రేరియన్ గారికి, శివారు వాళ్ళం కదా అని మా వంతు మరిచిపోకుండా తూము దగ్గర కాపలా కాసిన కాలువ లస్కరు గారికి, జాగా ఇచ్చిన మా మరిదికి, గట్టు మీద మణికట్టు నొక్కగానే ఆగిన తోడికోడలికి కృతజ్ఞతలు. మా ఆయనకి కూడా. ఏటా ఆ బోదెలో దిగి పూడిక తీసేది ఆయనే. ఈ మధ్య ఆ దిగువ మూలకి ఏం చేయాలో పాలుపోక, వంటింట్లో ఉన్న నన్ను దాటుకుని తమ్ముడింటికి వెళ్ళి మరదల్ని అడిగారు. ఆవిడ నాకు ఫోను చేసింది. నేను చెప్పాను. సాయంత్రానికి ఆయన కూలీలను మాట్లాడుకొచ్చారు.